పది రూపాయల పందెం

ఐదింటికి ఫోను మోగుతుంది.
రగ్గు లోపల నా రెండు మోకాళ్లూ
యూనియన్ పెట్టుకుని సమ్మె నోటీసు ఇస్తాయి.
చలికాలం పొద్దు ఏ వకీలుకీ తీసిపోదు:
బస్సు ఉంది కదా, ఆటో ఉంది కదా,
యాభై రెండేళ్లకి ఇదంతా ఎవరికి చూపించాలని?

నిజమే. ఎవరికీ కాదు.
రాత్రి అన్నం తిన్నాక దొరికిన కారణాలన్నీ,
చక్కెర, నడుము, పెట్రోలు ధర,
తెల్లారేసరికి చెమ్మగిల్లిన అగ్గిపుల్లలు.
ఒక్కటీ అంటుకోదు.

అందుకే నాతో నేనే అబద్ధమాడతాను.
లేవను, కాళ్లు మాత్రం కింద పెడతాను.
వెళ్లను, తాళం మాత్రం తీస్తాను.
లోతుకుంట దాకా పోయి వెనక్కి వచ్చేస్తాను.
లోతుకుంట వస్తుంది.
అప్పటికి వెనక్కి తిరగడమే ఎక్కువ చలి.

ఇంకొకటి ఉంది, చెప్పుకోవడానికి సిగ్గు.
మా వాచ్‌మన్ బాలమల్లుతో పందెం.
నేను సైకిలు తియ్యని రోజు ఆయనకి పది రూపాయలు.
తీసిన రోజు నాకేమీ రాదు.
"గట్లెట్ల పందెమైతది మేడం?" అన్నాడు.
రైల్వే ఆసుపత్రిలో ముప్పై ఏళ్లుగా
రక్తంలో లెక్కలు చూసేదాన్ని,
దానికి మాత్రం జవాబు దొరకలేదు.

డిసెంబరులో నలభై సంపాదించాడు.
జనవరికి మంచు మీద ఆశ పెట్టుకున్నాడు.
"బొల్లారం దిక్కు ఏం కనవడ్తలేదంట,"
మఫ్లరు సందులోంచి కళ్లతో నవ్వుతాడు.
నేను నోటు చూపించి, మళ్లీ పర్సులో పెట్టేస్తాను.

హ్యాండిలు మంచుగడ్డ అంటే అబద్ధం.
మనది హైదరాబాదు, పదకొండు డిగ్రీలే.
ఫ్యాను కింద పెరిగిన చేతులకి అదే హిమాలయం.
పాత సాక్సులు వేళ్ల దగ్గర కత్తిరించి తొడుక్కున్నాను,
ఎడమది గోధుమ రంగు, కుడిది మా వాడి స్కూలు తెలుపు.
చెవుల్లో దూది. ముక్కు దాని ఇష్టం.

లాల్‌బజారులో మిలిటరీ కుర్రాళ్లు
నోట్లోంచి పొగలొదులుతూ పరుగెత్తుతుంటారు.
ఒకడు ఓసారి సెల్యూట్ కొట్టాడు,
వెక్కిరింతో గౌరవమో,
తిరుమలగిరి ఎత్తంతా నన్ను నెట్టుకుపోయింది.
కార్ఖానా దగ్గర ఇడ్లీ బండి ఆవిరి రోడ్డుకి అడ్డం పడుతుంది.
కళ్లద్దాలు తెల్లబడి, ఒక్క క్షణం గుడ్డిగా
అల్లం పచ్చడి వాసనలోంచి దూసుకుపోతాను.
అక్కడికి స్వెట్టరు నడుముకి దిగుతుంది.
లాలాగూడలో మొదటి పేషెంటు పరగడుపున కూచుని
"చెయ్యి ఎంత చల్లగుందమ్మా" అంటూ ముడుచుకుంటాడు.
సూది కన్నా దానికే భయపడతాడు.

మొన్న మంగళవారం గేటు దగ్గర మంట లేదు.
కాలిన అట్టపెట్టె మూల, ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ,
మెట్ల కింది గదిలోంచి దగ్గు.
"రాత్రంత గాడ్నే కూసుండె," అంది నర్సవ్వ.

సైకిలు పట్టుకుని నిలబడ్డాను.
చూసేవాళ్లు లేరు. పైకి పోయి పడుకోవచ్చు.
నా చలి యాభై నిమిషాలు, నేను ఏరుకున్నది.
దానికోసం ఎన్ని ఎత్తులు, ఎన్ని బుజ్జగింపులు!
ఆ కుర్చీలో రాత్రి తొమ్మిది నుంచి కూచున్న మనిషికి
ఉత్సాహం ఎలా ఉందని ఎవరడిగారు?
నేనూ అడగలేదు. నోటు చూపించి నవ్వాను.

ఆ పొద్దు ఏ అబద్ధమూ లేకుండా పెడలు మీద కాలు పెట్టాను.
గొప్ప ఏమీ కాదు. చలి అలాగే ఉంది.

శుక్రవారానికి లేచి వచ్చాడు, గొంతు బొంగురు.
"మంగళారం తీసిన్రా?"
తీశాను.
"ఎవలు జూసిన్రు?"
ఎవరూ చూడలేదు. పది రూపాయలు ఇచ్చేశాను.
జేబులో పెట్టుకుని, వంగి ముందు టైరు నొక్కాడు.
"గాలి తక్కువున్నది."
పంపు తెచ్చి, తన రేపటి పది తనే పోగొట్టుకుంటూ
కొట్టసాగాడు.
పదిహేనో దెబ్బకి మఫ్లరు విప్పాడు.
"ఒళ్లు ఎచ్చవడ్డది మేడం," అని
ఇంకో పది కొట్టాడు,
టైరుకి అవసరం లేకపోయినా.